మూడో చరణంలో దాటు

కౌముదికి ఒక సందేహం పట్టుకుంది. సందేహం పట్టిన మనిషికీ జలుబు పట్టిన మనిషికీ పెద్ద తేడా ఉండదు. ఎవరి దగ్గరికి వెళ్ళినా వాళ్ళకి కాస్త అంటించి గానీ రారు. ఆ నెలంతా కౌముది కనిపించిన ప్రతివాళ్ళనీ అడిగింది. రికార్డు మీద తిరిగే పాట అసలైనదా, లాప్‌టాప్‌లోంచి వచ్చే పాట అసలైనదా?

ఆమెకి ఆ సందేహం ఊరికే రాలేదు. విశాఖపట్నంలో పెళ్ళిళ్ళకీ పార్టీలకీ డీజేగా పనిచేస్తుంది. మొదలుపెట్టింది లాప్‌టాప్‌తోనే. తర్వాత ఎవరింట్లోనో పాత ఎల్పీ రికార్డు ఒకటి విని దాని మీద మనసు పారేసుకుంది. లాప్‌టాప్‌ని అటకెక్కించి, ఇక రికార్డులు తప్ప ఇంకోటి ముట్టనని ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత సముద్రపు తేమకి రికార్డులు బూజుపట్టాయి. ఒక రిసెప్షన్‌లో పెళ్ళికొడుకు స్నేహితులు స్టేజీ అదిరేలా గంతులేస్తే ముల్లు ఎగిరిపడి పాట ఆగిపోయింది. తల కొట్టేసినట్టయి మళ్ళీ లాప్‌టాప్ దించింది.

రికార్డుల స్నేహితులు ఆమెతో మాట్లాడటం మానేశారు. లాప్‌టాప్ స్నేహితులు "మేం ముందే చెప్పాం కదా" అన్నారు. ఆమెకి ఇద్దరి మీదా కోపం వచ్చింది. ఇద్దరూ కొంత నిజమే చెబుతున్నారని కూడా తెలుసు, అదే ఆమె బాధ.

చివరికి విజయనగరం అవతల జూట్ మిల్లు కాలనీలో ఉండే దాలినాయుడు మాస్టారి దగ్గరికి వచ్చి పడింది.

ఇప్పుడు డీజే అంటున్నదాన్ని ఒకప్పుడు మైక్‌సెట్టు అనేవారు. పెళ్ళయినా, పండగైనా, ఎన్నికల గెలుపైనా చుట్టుపక్కల సగం ఊళ్ళలో దాలినాయుడి రికార్డులే మోగేవి. ఏ పాట తర్వాత ఏ పాట పడాలో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని పేరు. బడిలో పాఠం చెప్పిన మనిషి కాదు. మైక్‌సెట్టు పని నేర్చుకోడానికి వచ్చినవాళ్ళందరూ మాస్టారూ అనడంతో ఆ పిలుపు అలా ఉండిపోయింది.

కౌముది వచ్చిన మొదటిరోజే అడిగేసింది.

"మాస్టారూ, రికార్డా, లాప్‌టాప్పా? ఏది నిజమైన పాట?"

మాస్టారు ఒక తడిగుడ్డ తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

"ముందర ఈ రికార్డుల మీద బూజు తుడు, అమ్మీ. పాటంటూ వినపడితే అప్పుడు సూద్దాం, నిజమో అబద్ధమో."

ఆమె తుడిచింది. వచ్చిన ప్రతి ఆదివారమూ తుడిచింది. మధ్యమధ్యలో మాస్టారు నేర్పవలసినవి నేర్పుతూనే ఉన్నారు. చూడకుండా ముల్లుని సరైన గాడిలో దించడం ఎలాగో, పాటకీ పాటకీ మధ్య జనానికి ఎంతసేపు ఊపిరి తీసుకోనివ్వాలో, గొడవ మొదలయ్యే పెళ్ళిలో ఏ పాట వేస్తే రెండు పక్షాలూ భోజనాలకి లేస్తాయో. ఇవన్నీ నేర్చుకుంది గానీ ఆమె అడిగినదానికి మాత్రం ఆయన జవాబు చెప్పలేదు. అడిగినప్పుడల్లా టీ తాగావా అనేవారు.

ఆ ఏడు మాస్టారి చెయ్యి వణకడం మొదలైంది. ముందు టీ గ్లాసు దగ్గర, తర్వాత చొక్కా గుండీల దగ్గర. చివరికి రికార్డు దగ్గరికి వచ్చింది. ముల్లు దించబోతే అది గాడిలో కాకుండా ఎక్కడో పడి కరకరమని గీసుకుపోయేది. ఆయన ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని కాసేపు కూర్చునేవారు, అంతే.

అమ్మవారి పండగ దగ్గర పడింది. పండగనాడు సాయంత్రం మిల్లు మైదానంలో కాలనీ ఆడవాళ్ళు కోలాటం వేస్తారు. మిల్లులో పనిచేసి మానేసినవాళ్ళూ, వాళ్ళ కూతుళ్ళూ, కోడళ్ళూ, అందరూ కలిసి. ఆ కోలాటం పాట మాస్టారి రికార్డుదే. ఎప్పుడో ఒక నాటక సమాజం వాళ్ళు పాడించిన పాట. మిల్లు కాలనీ అవతల ఆ పాట విన్నవాళ్ళు పదిమంది కూడా ఉండరు.

కమిటీలో కుర్రకారుకి ఆ కోలాటం మొహం మొత్తింది. టౌన్ నుంచి డీజే బండి రప్పించాలని వాళ్ళ పట్టు. కార్యదర్శి లోకనాథం మంచివాడే గానీ గట్టిగా కాదనగల మనిషి కాదు. మాస్టారి ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"ఈ ఏడు కోలాటం బాగా జరిగితే పరవాలేదు మాస్టారూ, నాను సర్దిసెప్పుకుంటాను. మధ్యలో ఏటైనా తేడా వచ్చిందా, వచ్చే ఏడు నించి కోలాటం ఉండదు. ఆడోళ్ళకి ఆ మాట నాను సెప్పలేను."

అతను వెళ్ళాక మాస్టారు తన చెయ్యి వైపు చూసుకున్నారు.

"నేను వేస్తాను మాస్టారూ," అంది కౌముది. "మీకు మాట రానివ్వను."

మాటంటే మాటే. వారం తిరక్కుండా అనకాపల్లిలో ఒక రికార్డుల పిచ్చాయన దగ్గర అదే రికార్డు ఇంకోటి పట్టుకుంది. కొత్తదానిలా ఉంది, చిన్న గాటు కూడా లేదు. మాస్టారి రికార్డుకి మూడో చరణంలో ఒక గీత ఉంది. ముల్లు అక్కడికి రాగానే పక్క గాడిలోకి గెంతేది, పాటలో చిన్న ముక్క ఎగిరిపోయేది. కౌముది ఆ మంచి రికార్డుని శ్రద్ధగా లాప్‌టాప్‌లోకి ఎక్కించింది. చెయ్యి వణికినా, ఎవరు గంతులేసినా ఇక భయం లేదు. అసలు పాట మొత్తం ఉంది.

మాస్టారికి హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. మూడో చరణంలో చటుక్కున తెరిచారు.

"ఓర్నీ! ఇక్కడ పిల్లనగ్రోవి ఉంది కదేటి!"

"ఉంది మాస్టారూ. మీ గీత కింద పడి ఇన్నాళ్ళూ వినపళ్ళేదు."

"మర్సేపోయాను," అన్నారాయన. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి కౌముది గర్వపడింది. పడాల్సిందే, చేసింది మంచి పనే.

పండగనాడు ఎండ కాస్త తగ్గగానే మైదానంలో ఆడవాళ్ళు కర్రలు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారు. వాళ్ళకి పెద్ద బంగారమ్మ. మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసి చేసి చెవులు మందగించాయి, అయినా పాట మాత్రం ఒంటితోనే వింటుందని అందరూ అంటారు. కౌముది మీట నొక్కింది. పాట ఎత్తుకుంది.

మొదటి చరణం, రెండో చరణం బ్రహ్మాండంగా సాగాయి. అన్ని కర్రలూ ఒక్క దెబ్బగా మోగుతుంటే కుర్రకారు కూడా సెల్‌ఫోన్లు జేబులో పెట్టి చూస్తున్నారు. లోకనాథం మొహం వికసించింది.

మూడో చరణంలో పిల్లనగ్రోవి తియ్యగా పలికింది. సరిగ్గా అప్పుడే ఆడవాళ్ళందరూ ఒక్కసారి గాల్లోకి లేచి, ఎదురుగా ఉన్న మనిషిని వదిలేసి ఆ పక్క మనిషి ముందు దిగారు. దిగి కర్ర విసిరారు. పాట ఇంకా అక్కడే ఉంది. సగంమంది ఆగారు, సగంమంది ఆగలేదు. ఒక కోడలిపిల్ల వేళ్ళ మీద కర్ర పడి కెవ్వుమంది. గుండ్రం చెదిరిపోయింది.

కౌముది పాట ఆపేసింది. ఆమెకేమీ అర్థం కాలేదు.

బంగారమ్మ విసవిసా వచ్చింది.

"ఏటమ్మా, పాట తప్పిపోనాది!"

"పాట తప్పలేదమ్మా. ఇదే అసలు పాట. మాస్టారి రికార్డు మీద అక్కడ గీత ఉంది, అందుకని గెంతేది. ఇప్పుడు మొత్తం ఉంది."

వేళ్ళు నోట్లో పెట్టుకుని ఊదుకుంటున్న కోడలిపిల్ల ముందుకొచ్చింది. ఈ ఊరు కాపరానికొచ్చి రెండేళ్ళయింది.

"గీతేటండి? అది దాటు. మూడో సరణంలో దాటెయ్యాల. మా అత్త నాకు మొట్టమొదట నేర్పిందే అది."

"మా అమ్మ నాకు నేర్పినాది," అంది బంగారమ్మ కూతురు.

అవతల కమిటీ కుర్రాళ్ళు మోచేతులతో పొడుచుకుని నవ్వుకుంటున్నారు. లోకనాథం ఎటో చూస్తున్నాడు. అంతా తన వల్లే అనుకుంది కౌముది. మాస్టారికి మాట రానివ్వనని చెప్పి, అందరి ముందూ ఆయన పరువూ వీళ్ళ పండగా మట్టిపాలు చేసింది. గబగబా పెట్టె తెరిచి మాస్టారి పాత రికార్డు బయటికి తీసింది.

దాని మీద ఒక చెయ్యి పడింది. వణుకుతున్న చెయ్యి.

"ఉంచు, అమ్మీ," అన్నారు మాస్టారు. ఆయనకి కోపం లేదు. నవ్వొకటి ఆపుకుంటున్నట్టున్నారు. "పిల్లనగ్రోవి ఇని మురిసిపోయి నానూ ఆ దాటు సంగతి మర్సిపోయాను కదా. ఇద్దరం ఇద్దరమే. సరే గానీ, నీ డబ్బాలో ముందుకి గెంతే మీట ఉంటాదా?"

"ఉంది మాస్టారూ."

"ఎంత గెంతుతాది?"

"మనం ఎంత చెబితే అంత."

"రెండు దెబ్బలు సెప్పు దానికి."

ఆమె చెప్పింది. కళ్ళు తుడుచుకుని, తెరమీద అలల్లా కనిపించే పాట గీతల్ని దగ్గరికి లాగి, మూడో చరణంలో ఎక్కడ నొక్కాలో వెతకబోయింది. మాస్టారు ఆమె గడ్డం పట్టుకుని మొహాన్ని మైదానం వైపు తిప్పారు.

"అక్కడుంటాది," అన్నారు.

స్టేజీ మెట్లు దిగి వెళ్ళి, దెబ్బతగిలిన కోడలిపిల్ల చేతిలో కర్రలు తీసుకుని, ఆమె చోట నిలబడ్డారు. ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు. బంగారమ్మ మాత్రం నవ్వలేదు. "కుడి కాలు ముందు, బాబూ," అని మెల్లగా చెప్పింది.

పాట మళ్ళీ మొదలైంది.

కౌముది తెర వైపు చూడలేదు. చూడాలని వేళ్ళు లాగుతున్నా చూడలేదు. పట్టీలున్న కాళ్ళూ, లేని కాళ్ళూ, పగిలిన మడమలూ, వాటి మధ్య పంచె ఎగ్గట్టిన రెండు ముసలి కాళ్ళూ. మాస్టారి కర్రలు వణుకుతూనే తగులుతున్నాయి, అయినా తగలాల్సినప్పుడే తగులుతున్నాయి. మొదటి చరణం అయింది. రెండోది అయింది. మూడో చరణంలోకి వస్తుంటే మైదానంలో మడమలన్నీ నేల మీంచి కొంచెం లేచాయి. ఎగరబోయే ముందు ఒళ్ళు తీసుకునే ఊపు అది. ఆమె ఇంతవరకూ ఎక్కడా చూడలేదు దాన్ని.

నొక్కింది.

పాట గెంతింది. ఆడవాళ్ళు గెంతారు. అందరూ పక్క మనిషి ముందు దిగి కర్ర విసిరారు, మైదానమంతటికీ ఒక్క చప్పుడే వినపడింది.

ఎవరో ఈల వేశారు. కమిటీ కుర్రాళ్ళలోంచే. పాట అయిపోయాక మళ్ళీ వెయ్యమన్నారు, మళ్ళీ వేసింది. మూడోసారికి ఒకరిద్దరు కుర్రాళ్ళు సిగ్గుపడుతూ కర్రలు అడిగి పుచ్చుకుని చివర్న నిలబడ్డారు. దాటు దగ్గర వాళ్ళు తప్పారు, బంగారమ్మ తిట్టింది, నేర్పింది. లోకనాథం మైకు దగ్గరికి వచ్చి, వచ్చే ఏడు కూడా కోలాటమే, పాట వేసేది ఈ అమ్మాయే అని అందరూ వినేలా చెప్పి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మాస్టారు రొప్పుతూ వచ్చి కుర్చీలో కూలబడ్డారు. కౌముది మంచినీళ్ళు ఇచ్చింది. గ్లాసు వణికి కాసిని చొక్కా మీద పడ్డాయి.

"మాస్టారూ," అంది. "మంచి రికార్డు వెతికి తెచ్చి, అంత శుభ్రంగా ఎక్కించి, ఆఖరికి దానికి నా చేత్తో నేనే గీత పెట్టినట్టయింది కదా?"

మాస్టారు నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టారు.

"గీత పడినది నా సేతిలో, అమ్మీ. అది అడుగైనది ఆళ్ళ కాళ్ళలో. ఇంక దాన్ని బాగుసెయ్యడానికి నువ్వెవరు, నానెవరు?"

మైదానంలో బంగారమ్మ కర్రలు పైకెత్తి పాట కోసం ఇటు చూస్తోంది. కౌముది ఆమె కాళ్ళ వైపు చూస్తూ మీట మీద వేలు పెట్టింది.