గొంగళిపురుగుకు పెట్టిన నలుగు

ఒకప్పుడు గొంగళిపురుగులు దాక్కునేవి కావు. ఆకు మీదే కూర్చుని, అందరూ చూస్తుండగానే రెక్కలు పెంచుకునేవి. ఇవాళ కాస్త, రేపు కాస్త. వాటికి సిగ్గూ లేదు, తొందరా లేదు.

ఆ రోజుల్లో నూకాలు, పైడయ్య అనే అక్కాతమ్ముళ్ల ఇంటికి వాళ్ల మేనత్త పురిటికొచ్చింది. ఆడపిల్లను కంది. మామ్మ పురిటిగది తలుపు దగ్గరగా వేసి, "చంటిదాన్ని ముట్టుకున్నారంటే వీపులు పగుల్తాయి" అంది.

ముట్టుకోకుండా ఉండటం పిల్లల తరమా? నూకాలుకు రోషం వచ్చింది. "మనవే ఓ పాపని పెంచుకుందాం రారా" అని, పెరట్లో కరివేపాకు చెట్టు మీదున్న పచ్చటి గొంగళిపురుగును కొమ్మతో సహా ఇంట్లోకి తెచ్చింది.

పురుగు మురిసిపోయింది. కూర్చున్న చోటికే లేత ఆకులు! వీపు మీద బుల్లి రెక్కలు కూడా మొలిచాయి.

కానీ నూకాలు ఊరుకుంటేనా? మామ్మ చంటిదానికి చేసేవన్నీ తలుపు సందులోంచి చూసొచ్చేది. చంటిదానికి ఆముదం రాస్తే పురుగుకూ ఆముదం. చంటిదానికి సాంబ్రాణి వేస్తే పురుగుకూ పొగ. పైడయ్య జోల పాడుతూ కొమ్మను ఎంత ఊపాడంటే, పాపం, దానికి తిన్న ఆకు కడుపులో నిలవలేదు.

"నేను పసిపిల్లను కానర్రా! ఆకులు పెట్టి ఊరుకోండర్రా!" అని పురుగు మొత్తుకుంది.

"ఏడవకు నా తల్లే" అంటూ నూకాలు దానికి శనగపిండితో నలుగు పెట్టి, కాళ్లు సాగదీయడం మొదలుపెట్టింది. ఎన్ని కాళ్లో! అంతలో పిండికి అతుక్కుని లేత రెక్క ఒకటి చిరిగింది.

పురుగు భోరుమంది. "ఇది మళ్లీ మొలిచినా మీ చేతుల్లో మిగల్దు. జన్మంతా పాకుతూనే ఉండాలా నేను?"

నూకాలు మొహం పాలిపోయింది. ఏడుస్తూ వెళ్లి మామ్మను లాక్కొచ్చింది.

పురుగు ఒంటి నుంచి ఆముదం కారుతోంది, పిండి రాలుతోంది. మామ్మ నవ్వు ఆపుకుంది. "పురిటిగది ఎందుకనుకున్నావే? లేత ఒంటికి మీలాంటోల్ల పేమ తగలకుండా! దీనికీ ఓ గదుంటే బాగుణ్ణు."

"గదా? నేనే కట్టుకుంటాను" అంది పురుగు. నోట్లోంచి దారం తీసి ఒంటిని కొమ్మకు కట్టుకుంది. చుట్టూ గోడ లేపింది. పిల్లల సంగతి తెలుసు కదా, కిటికీ కూడా పెట్టలేదు.

నూకాలు రోజూ గోడకు చెవి ఆనించేది. "పాపా, రెక్క మొలిచిందా?" అని అడిగేది. తనవల్ల పాప ఇక ఎగరలేదేమోనని ఆ పిల్లకు అన్నం సయించలేదు. గోడ గిల్లి చూద్దామని గోరు పెట్టింది. మళ్లీ భయమేసి రెండు చేతులూ చంకల్లో దాచుకుంది.

ఓ పొద్దున గోడ పగిలింది. సీతాకోకచిలుక బయటికొచ్చి, తడి రెక్కలు ఆరబెట్టుకుంది. రెండూ నిండుగా ఉన్నాయి!

"నా బంగారు తల్లే!" అని నూకాలు సంతోషం పట్టలేక చేయి చాచింది. సీతాకోకచిలుక ఆ వేళ్ల వంక ఒక్కసారి చూసి, తుర్రున గుమ్మం దాటింది.

అప్పటినుంచే గొంగళిపురుగు గది కట్టుకుని, తలుపేసుకుని మరీ రెక్కలు పెంచుకుంటోంది. మనం ఎంత ముద్దుగా చేయి చాచినా, సీతాకోకచిలుక మాత్రం నలుగు పెట్టడానికే వచ్చామనుకుని ఎగిరిపోతోంది.