వెన్నుదన్నమ్మ కూర్చున్న వైనం

పూర్వం, నల్లమల పడమటి పాదంలో ఈ గుట్టకు ఇంకా పేరు పెట్టే తీరిక ఎవరికీ చిక్కని కాలంలో, దీని కింది పల్లెలో ఓబుళమ్మ అనే ఇల్లాలు కాపురముండేది. స్థలపురాణమనగానే రాజో ఋషో రావాలని ఎదురుచూసే మహానుభావులు కాసేపు ఓపిక పట్టాలి. రాజుగారు చివర్లో వస్తారు గాని, ముందు వచ్చేది మాత్రం ఈ బొరుగులు వేయించే ఆమే. కాగిన ఇసుకలో బియ్యం పోసి, అవి చిటపటలాడి పొంగగానే జల్లెడ పట్టి, చుట్టుపక్కల సంతలకు పంపి బతికే కుటుంబం వారిది. భట్టీ పొగ గొంతుకు చేసే మేలు ఏపాటిదో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ సాధ్వికి చిన్ననాటినుంచే ఉబ్బసం. పుట్టింటివారు పెట్టిన సారెలాగా అది ఆమె వెంటే అత్తవారింటికి వచ్చింది. నాడి పట్టి చూసిన వైద్యుడు దీన్ని యాప్యవ్యాధి అంటారమ్మా అన్నాడు. అంటే పూర్తిగా పోదు, వెంటనే ప్రాణం తీయదు, పథ్యంతో మచ్చిక చేసుకుని దానితోనే కాలక్షేపం చెయ్యాలన్నమాట. ఓబుళమ్మ అలాగే మచ్చిక చేసుకుంది. బిందె సగానికే ముంచేది, ఎదురుగాలి తగిలితే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది, పొద్దున్నే అడ్డసరపు ఆకు కషాయం తాగి గాని భట్టీ దగ్గరికి పోయేది కాదు. దారిలో ఊపిరి అందక ఆగవలసి వస్తే, కాలి మట్టెలు సరిచేసుకుంటున్నట్టు వంగేది. ఓబుళమ్మకు మట్టెల మీద ఎంత మురిపెమో అని తోటి ఆడవాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనిచ్చేది.

ఆ గుట్టు తెలిసినవాడు ఆమె పెనిమిటి మద్దిలేటి ఒక్కడే. ఉబ్బసం ఎగదన్నినప్పుడు పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే నడుం నిలవదు. అలాంటప్పుడు అతడు ఏ పనిలో ఉన్నా వదిలేసి వచ్చి, ఆమె వెనక, ఆమె వీపుకు తన వీపు ఆనించి కూర్చునేవాడు. ఎట్లుందని అడిగేవాడు కాదు. అడిగితే ఆమె జవాబు చెప్పాలి, జవాబుకు ఊపిరి కావాలి, ఆ ఊపిరే కదా ఆమె దగ్గర లేనిది! ఆయాసం కుదుటపడి ఆమె తనంతట తాను ముందుకు వంగేదాకా అతడు లేచేవాడు కాదు. అంత తెలివైన ప్రేమ పండితుల ఇళ్ళల్లోనూ అరుదని మా పెద్దలు మెచ్చుకునేవారు.

కష్టాలు ఒంటరిగా రావు, కట్టగట్టుకుని వస్తాయి. ఒకానొక వర్షర్తువులో, మద్దిలేటి తల్లి సుంకమ్మ వాకిట్లో పాచి మీద జారిపడి, తుంటి ఎముక విరిగి మంచం పట్టింది. ఆమెకు వేసిన పసరుకట్టు ఇంకా ఆరనేలేదు, మద్దిలేటికి విషజ్వరం తగులుకుంది. ఆ ఇంటి వైభవం ఇక చూడవలసిందే. ఒకరికి ఉప్పు కూడదు, ఒకరికి పులుపు కూడదు. ఒకరికి వేడి కాపడం, ఒకరికి నొసట తడిగుడ్డ. సుంకమ్మ మనసు వెన్న గాని నోరు మాత్రం నగారా, దాహమైనా పిలుపే, దిగులైనా పిలుపే. జ్వరతాపంలో మద్దిలేటి మాట్లాడే సంధి మాటలకు ఊఁ కొడుతూ, అత్తను ఒత్తిగిలబెడుతూ, ఆరిపోయిన పొయ్యిని ఊదుతూ ఓబుళమ్మ బొంగరంలా తిరిగింది. ఆ తిరుగుడులో ఆమె ఛాతీ పిల్లికూతలు కూస్తున్న సంగతి ఎవరి చెవినా పడలేదు.

పరామర్శకు బంధువులు రానే వచ్చారు. వచ్చినవారంతా మీ ఆయనకెట్లుండాది, మీ అత్తకెట్లుండాది అని అడిగి, నిట్టూర్చి, ఓబుళమ్మా నువ్వు గట్టిదానివి గనక సరిపోయింది, ఇంకొకరైతేనా అని మెచ్చుకుని, ఆమె కలిపిచ్చిన మజ్జిగ తాగి వెళ్ళారు. మెచ్చుకోలు చెప్పినవారికి నాకు ఊపిరాడటం లేదు వదినా అని ఎలా చెప్పుకుంటారు? అంతటితో ఆగిందా, మద్దిలేటికి దగ్గు మొదలైతే తన వంతు అడ్డసరపు కషాయం కూడా అతడికే పోయడం మొదలుపెట్టింది. వానకు తడిసిన గుట్టల్లోకి పోయి ఆకు కోసుకురావడానికి ఆమెకు కాళ్ళు లేవు, ఉన్న ఆకు ఇద్దరికి చాలదు. నాది పాత జబ్బు, ఎక్కడికీ పోదు, కొత్త జబ్బు సంగతి ముందు చూద్దాం అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఒక మంగళవారం తెల్లారేసరికి మద్దిలేటి భార్యను ఆనవాలు పట్టలేదు. ఎవరమ్మా నువ్వు అన్నాడు. వైద్యుడు వచ్చి చూసి, చెయ్యవలసింది చేశాను, ఇక భారం దేవుడిదన్నాడు. ఆ కాలంలో ఈ గుట్ట శిఖరాన, పల్లె వైపు ముఖం పెట్టి గుట్టమ్మ అనే తల్లి వెలసి ఉండేది. ఆమెకు పసుపునీళ్ళు పోసి, ఫలానావారి రోగం నా ఒంటికి మార్చు తల్లీ అని వేడుకుంటే కాదనదని ఈ సీమలో ఒక నమ్మకం, దానికి బదులుమొక్కు అని పేరు. తల్లులు బిడ్డల కోసం, పెళ్ళాలు మొగుళ్ళ కోసం మొక్కేవారు గాని, మొగవాళ్ళు పెద్దగా మొక్కినట్టు వినలేదు లెండి. ఓబుళమ్మ ఇరుగింటామెను రోగుల దగ్గర కూర్చోబెట్టి, పసుపునీళ్ళ ముంత పట్టుకుని గుట్టెక్కింది. ఇద్దరి రోగాలూ తానే తెచ్చుకుందామనే బయలుదేరింది.

సగం గుట్ట ఎక్కేసరికి మబ్బు కమ్మి ఈదరగాలి కొట్టింది. ఇప్పుడు మీరు నిలబడిన ఈ పరుపుబండ మీద అప్పట్లో చెట్టు లేదు, చేమ లేదు, చేరబడటానికి చేతెత్తు రాయైనా లేదు. ఓబుళమ్మకు అక్కడే ఆయాసం ముంచుకొచ్చింది. అలాంటిది మునుపెన్నడూ రాలేదు. ముంత జారి పసుపునీళ్ళు బండ మీద పారాయి. కూలబడితే నడుం నిలవలేదు, ఒరిగితే ఊపిరి ఆగిపోయేట్టుంది. అప్పుడామెకు భయమేసింది. చావుకు కాదు, ఇంట్లో ఆ ఇద్దరికీ గంజి పోసేవారు ఎవరని భయమేసింది.

అంతలో వెనకనుంచి కట్టెలమోపు దించిన చప్పుడైంది. ఎవరో ముసలమ్మ ఉస్సురంటూ వచ్చి, ఓబుళమ్మ వీపుకు తన వీపు ఆనించి కూర్చుంది. వెచ్చని వీపు, బండలా కదలని వీపు. ఓబుళమ్మ తన బరువంతా దాని మీద వేసేసింది. చాలాసేపటికి ఊపిరి సన్నని దారాలుగా లోపలికి రావడం మొదలైంది. ఆ అవ్వ అంతసేపూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఆయాసం కొంత దిగాక, గుట్టెక్కి ఏం మొక్కుకోవాలని వచ్చావని మాత్రం అడిగింది. ఓబుళమ్మ విరిగిన మాటలతో పెనిమిటి సంగతి, అత్త సంగతి చెప్పి, వారి రోగాలు తనకు మార్చమని మొక్కబోతున్నానంది.

"ఉన్న రోగానికే నీ ఒళ్ళు ఇరుకాయెనే తల్లీ, ఇంకో రెండు పెట్టుకోను చోటేడుంది?" అంది అవ్వ. "నువ్వొక్కదానివి పోతే ఆ ఇంట్లో లేచేది మూడు పాడెలు. అది సరే గాని, నీకెట్లుండాది?"

నీకెట్లుండాది! ఆ వానాకాలమంతా ఓబుళమ్మను ఆ మాట అడిగిన మనిషి లేడు. ఆమె భోరున ఏడ్చింది. ఏడుపుతోపాటు కషాయం మానేసిన సంగతి, సగం బిందెల సంగతి, మట్టెల సంగతి, అన్నీ బయటికొచ్చాయి. అవ్వ వీపు కదిలించకుండానే అంతా విని, ఇంటికి పోగానే ముందు నీ కషాయం నువ్వు తాగు, మిగతావాళ్ళకు తరవాత పొయ్యి అంది. మజ్జిగ తాగి పోయిన బంధువుల్లో ఒకరిని ఆకు కోసుకురమ్మని, ఒకరిని పొయ్యి దగ్గర కూర్చోమని నోరు తెరిచి అడగమంది. అడగందే అమ్మైనా పెట్టదు కదా! ఓబుళమ్మ అన్నిటికీ తలూపింది గాని, లేవబోయి మళ్ళీ జంకింది.

"అవ్వా, నువ్వు లేస్తే నేను పడిపోతానేమో."

"నీ ఆయాసం తీరిందాకా నేనీడనుంచి లెయ్యను, పో" అంది ఆ ముసలమ్మ.

మాట ఇచ్చినది ఎవరో ఆమెకు అప్పుడు తెలియలేదు. మెల్లగా లేచి, దండం పెడదామని వెనక్కి తిరిగితే అక్కడ అవ్వ లేదు. శిఖరం వైపు ముఖం పెట్టి, కాళ్ళు ముడుచుకుని కూర్చున్న శిలామూర్తి వీపు ఒక్కటే కనబడింది. ఆ మూర్తికి ముందువైపు గుట్ట ఎంత దగ్గరగా జరిగి వచ్చిందంటే, మధ్యలో గాలి దూరే సందు తప్ప మనిషి తల పట్టే చోటు లేదు. గుట్ట పైన అమ్మవారి పీఠం ఖాళీగా ఉందని తరవాత మేకలకాపరులు వచ్చి చెప్పారు. పసుపునీళ్ళు పారిన చోట బండ ఇప్పటికీ పచ్చగా ఉంటుంది, వెళ్ళేటప్పుడు చూడండి.

ఓబుళమ్మ ఇంటికి పోయి, తలుపు తియ్యగానే ముందు తన కషాయం తాను తాగింది. సిగ్గు విడిచి బంధువులను పిలిచి పనులు పంచింది. పిలిస్తే వచ్చారు పాపం, పిలవకపోవడం వల్లే ఇన్నాళ్ళూ రాలేదు. మద్దిలేటికి జ్వరం నెమ్మదిగా దిగింది, అతడు ఆమెను ఆనవాలు పట్టి, పేరు పెట్టి పిలిచాడు. సుంకమ్మ మళ్ళీ నడవలేదు గాని, ఆ తరువాత చాలాకాలం మంచం మీదనుంచే ఇల్లంతా ఏలి, కోడలి ఒడిలో సుఖంగా కన్నుమూసింది. ఓబుళమ్మ ఉబ్బసం మాత్రం పోలేదు. మబ్బు పడితే వచ్చేది, వచ్చినప్పుడు గుట్టెక్కి అమ్మవారి వీపుకు చేరబడేది, లేదా మద్దిలేటి వీపుకు చేరబడేది, రెండూ ఒక్కటేనని చెప్పేది.

ఒక చూపుతో తీసెయ్యగల రోగాన్ని ఆ మహాశక్తి ఎందుకు ఉంచిందయ్యా అని తర్కం తెలిసినవారు అడుగుతుంటారు. నాకు తర్కం రాదు. మా అవ్వ మాత్రం, రోగం తీరితే అమ్మ మాట తీరిపోతుంది, మాట తీరితే లేచి పైకి వెళ్ళిపోవాలి, ఆ లేవడం ఇష్టం లేకే తల్లి అట్లా ఉండిపోయిందిరా అనేది. నాకు ఆ మాట చాలు.

ఇక రాజుగారి వంతు. చాలాకాలానికి ఈ సీమను ఏలే పాలెగాడు చినవెంగళనాయుడు, పక్షవాతంతో పడిన తన తల్లిని పల్లకీలో తీసుకుని ఇక్కడికి వచ్చాడు. అమ్మవారు భక్తులకు వీపు పెట్టి కూర్చోవడం అపచారమని మండిపడి, మూర్తిని పెకలించి ఇటు తిప్పండని గునపాలతో మనుషులను నిలబెట్టాడు. అప్పటికి పండుముసలి అయిన ఓబుళమ్మ మట్టెలు సరిచేసుకుంటూ సరిచేసుకుంటూ గుట్టెక్కి వచ్చి, ఆయనను ఆపాదమస్తకం చూసింది. కళ్ళు పీక్కుపోయి, పెరిగిన గడ్డంతో, తల్లి మంచం వదలని మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాడు.

"తిప్పితే మొగం అగుపిస్తాది దొరా, నిజమే. మరి నువ్వు దేనికి ఆనుకుంటావు?" అందామె.

నాయుడు పల్లకీ వైపు చూశాడు. ఓబుళమ్మ వెళ్ళి ఆ పెద్దమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఈమెను నేను చూసుకుంటా, నువ్వు కాసేపు కూచో నాయనా అంది. దొర తలపాగా తీసి పక్కన పెట్టి, బండ మీద కూర్చుని, అమ్మవారి వీపుకు వీపు చేర్చాడు. బంట్లందరూ చూస్తుండగా చిన్నపిల్లవాడిలా నిద్రపోయాడట. లేచాక గునపాలు తిప్పి పంపించేశాడు. ఈ మండపం ఆయన కట్టించినదే. కాలెత్తలేనివారు తట్టుకుని పడకూడదని గర్భగుడికి గడప పెట్టించలేదు, అందుకే ఈ గుడికి నేటికీ గడప లేదు. ఆ రోజునుంచి తల్లి వెన్నుదన్నమ్మ అయింది, గుట్ట వెన్నుదన్నుగుట్ట అయింది.

ఓబుళమ్మ ఆయాసం ఆమె ఊపిరితోనే తీరింది. అప్పుడైనా అమ్మవారు లేచి శిఖరానికి పోవలసిందే, ఇచ్చిన మాట అంతవరకే గదా! కాని ఆనాడు ఓబుళమ్మను సాగనంపి వచ్చిన మద్దిలేటి, నిలబడలేక ఈ వీపుకే చేరబడ్డాడు. అతడు లేచేలోగా పొరుగూరినుంచి క్షయపట్టిన కొడుకును మోసుకుని ఒక తండ్రి వచ్చి ఆనుకున్నాడు. అలా ఒకరు లేచేలోగా ఇంకొకరు వచ్చి ఆనుకుంటూనే ఉన్నారు, ఆ తల్లికి లేచే సందే చిక్కలేదు. ఆనిన వీపులకు ఆ రాయి ఎంత నునుపుదేరిందో మీరే చూస్తున్నారు. ఇక్కడ తీర్థం మొదట రోగికి ఇవ్వరు, రోగిని తెచ్చినవారికి ఇస్తారు. ఇక్కడ దర్శనం కళ్ళతో కాదు.

కథ అయిందాకా మీరు నిలబడే విన్నారమ్మా, ఆయన భుజం ఒక్క క్షణమైనా వదలకుండా. ఆయన్ని ఇట్లా నాకివ్వండి. పడనివ్వను, మా వంశానికి ఇక్కడున్న పని ఇదే. మీరు వెళ్ళి కూర్చోండి.