దీవెన తూకం

సముద్రపు ఒడ్డున ఒక పల్లె. అక్కడి మరియమాత గుడి వాకిట్లో కొవ్వొత్తులు తూచి అమ్మేది గుడిపెద్ద జోజప్ప. ఆయన బొటనవేలు ఆనకుండా ఆ తక్కెడ ఏనాడూ ఏ సరుకూ తూచింది లేదు.

తుఫానులో చిక్కుకున్న మొగుడు ఇన్నాసి ప్రాణాలతో ఒడ్డెక్కాడని, తల్లికి కొవ్వొత్తి వెలిగిద్దామని ఆగ్నేసమ్మ వచ్చింది.

"ఇవి పొద్దున్నే గురువుగారు దీవించినవి. మామూలు వాటికి పదింతల ధర," అన్నాడు జోజప్ప.

ఆగ్నేసమ్మకు ఒళ్లు మండింది. సముద్రం నోట్లోంచి మొగుణ్ణి లాగి ఇచ్చిన తల్లే ఏమీ అడగలేదు. ఆ తల్లికి దణ్ణం పెట్టుకోవడానికి ఈయనకు పదింతలా? అయినా నోరు జారలేదు.

"అలాగే బాబూ. మీరు అమ్మేది తూకానికేగా? దీవించింది తక్కెడలో ఒక సిబ్బెలో, దీవించనిది ఇంకో సిబ్బెలో పెట్టండి. దీవెన ఎంత మొగ్గితే అంతకూ ఇచ్చుకుంటాను."

జనం మూగారు. ఇన్ని కళ్లు చూస్తుండగా బొటనవేలు ఆనించే ధైర్యం జోజప్పకు చాల్లేదు. రెండూ ఒకే అచ్చులో పోసిన కొవ్వొత్తులాయె, ముల్లు నిటారుగా నిలబడింది.

"దీవెనకు బరువేమిటే పిచ్చిదానా!" అని అరిచాడాయన.

"లేదు కదా బాబూ! మరి గురువుగారు మీకు ఊరికే ఇచ్చినదాన్ని నాకూ ఊరికే ఇవ్వండి."

జనం గొల్లుమని నవ్వారు. జోజప్ప మైనం ఖరీదే పుచ్చుకున్నాడు. ఆమె రెండు కొవ్వొత్తులు తీసుకుంది.

"రెండోది దేనికి?" అని గొణిగాడు.

"మొదటిది మా ఆయన ఒడ్డు చేరినందుకు. రెండోది మీ తక్కెడ ఇవాళ సరిగ్గా నిలబడినందుకు. రెండూ తల్లి చలవే కదా బాబూ!"