బీరువాలో ముప్పై ట్యాబులు

వంశధార ఒడ్డున ఒక చిన్న ఊరి ఉన్నత పాఠశాలలో సన్యాసిరావు అనే ప్రధానోపాధ్యాయుడు ఉండేవాడు. నిజాయితీపరుడు, పిల్లలంటే ప్రేమ ఉన్నవాడు, కాని బడి వస్తువు దేన్ని పిల్లలు ముట్టుకున్నా పాడైపోతుందని ఆయనకు తీరని భయం.

ఆ భయం ఊరికే పుట్టలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆయన పిల్లలకు సూక్ష్మదర్శిని చూపిస్తుంటే, ఒక కుర్రాడి మోచెయ్యి తగిలి అది కిందపడి ముక్కలైంది. పై అధికారి ఆయన్ని అందరి ముందు నిలబెట్టి మందలించాడు. మూడుసార్లు సంజాయిషీ రాయించాడు. అది మొదలు సన్యాసిరావు ఏ బడికి బదిలీ అయినా ముందు తాళాలు చూసుకునేవాడు. ఆయన బడిలో బంతులు గాలి తీసి గోనెసంచిలో ఉండేవి. గ్లోబు మీద ఎప్పుడూ పాత పంచె కప్పి ఉండేది.

"వస్తువు ఎక్కడిదక్కడ ఉంటే మనకు మాట రాదు" అని తోటి ఉపాధ్యాయులతో అంటుండేవాడు.

ఒక ఏడాది వానాకాలంలో ఆ బడికి ముప్పై ట్యాబులు వచ్చాయి. పాఠాలన్నీ వాటిలోనే ఉన్నాయి. బొమ్మలు కదులుతాయి, లెక్కలు అడుగడుగుగా చేసి చూపిస్తాయి, రెండు వేళ్ళతో తెరను సాగదీస్తే అక్షరం ఎంత కావాలంటే అంత పెద్దదవుతుంది. ఇచ్చిన రోజున అధికారులు వచ్చారు. ఫొటోల కోసం ఎనిమిదో తరగతి పిల్లలకు వాటిని పంచి, ఒక గంటసేపు చేతుల్లో ఉంచారు.

ఆ తరగతిలో హైమావతి అనే అమ్మాయి ఉండేది. పుట్టుకతోనే ఆమెకు చూపు తక్కువ. కళ్ళద్దాలతో కుదిరే జబ్బు కాదన్నారు డాక్టర్లు. పుస్తకాన్ని ముక్కుకు ఆనించి చదివితే రెండు వరుసలకే కళ్ళలో నీళ్ళు కారేవి. అందుకని ఆమె చదవడం మానేసి వినడం నేర్చుకుంది. టీచర్ ఒక్కసారి చెప్పిన పద్యాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పేది. తండ్రి లేడు. తల్లి వరహాలమ్మ జీడిగింజలు కొట్టి పప్పు తీసే పని చేసేది.

ఆ రోజు తెలుగు చెప్పే ఉమాదేవి టీచర్ హైమావతి పక్కన కూర్చుని, ట్యాబులో వాన పాఠం తెరిచి, అక్షరాలను అరచెయ్యంత చేసి చూపించింది. హైమావతి మెల్లగా ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పైకి చదవసాగింది. ఒక వాక్యం అయింది. పేరా అయింది. పక్క పిల్లలు తమ ట్యాబులు వదిలేసి ఆమె వైపే చూస్తున్నారు.

"టీచర్, 'ష' పొట్టలో చిన్న గీత ఉంటుందని మీరు చెప్తే విన్నాను. ఇవాళ చూశాను" అంది హైమావతి.

ఉమాదేవి తల పక్కకు తిప్పుకుంది.

గంట కాగానే సన్యాసిరావు ట్యాబులన్నీ వెనక్కి తీసుకున్నాడు. ఒక్కొక్కదాన్నీ మెత్తటి గుడ్డతో తుడిచాడు. వచ్చిన పెట్టెల్లోనే పెట్టి, తన గదిలోని ఇనుప బీరువాలో సర్ది తాళం వేశాడు.

మర్నాడు ఉమాదేవి ఆయన గదికి వెళ్ళింది.

"సార్, రోజుకు రెండు పీరియడ్లు ట్యాబులు తరగతికి ఇవ్వండి. దగ్గరుండి చూసుకుంటాను."

"ఇద్దామమ్మా. పిల్లలకు కాస్త క్రమశిక్షణ రానీ."

"పోనీ హైమావతికి ఒక్కటి ఇవ్వండి. ఏమైనా అయితే బాధ్యత నాదని సంతకం పెడతాను."

"సంతకం మీది, కుర్చీ నాది" అన్నాడు సన్యాసిరావు నవ్వుతూ. "కిందపడితే అడిగేది నన్నే కదా. తనిఖీ అయిపోనివ్వండి, చూద్దాం."

తనిఖీ వచ్చింది. ముందురోజు సాయంత్రం ఆయనే కూర్చుని ట్యాబులన్నిటికీ ఛార్జింగ్ పెట్టాడు. అధికారి బీరువా తెరిపించి చూసి, "చాలా బడుల్లో అప్పుడే సగం పగలగొట్టేశారు. మీ దగ్గర కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి మాస్టారూ" అని మెచ్చుకున్నాడు. సన్యాసిరావు మొహం వెలిగిపోయింది. అధికారి వెళ్ళగానే బీరువాకు మళ్ళీ తాళం పడింది. ఆ మెప్పు తర్వాత దాన్ని తెరవడం ఆయనకు ఇంకా కష్టమైంది.

ఉమాదేవి మళ్ళీ అడిగింది. ఈసారి ఆమె గొంతులో వేడుకోలు ఉంది.

"సార్, వరహాలమ్మ నిన్న కనబడి చెప్పింది. హైమను పట్నం తీసుకెళ్ళి చూపించిందట. ఉన్న చూపు కూడా తగ్గుతూ పోతుందన్నారట. ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నారట. చదువుకోగలిగితే ఈ ఏడాదే, ఈ రెండేళ్ళే."

సన్యాసిరావు చేతిలోని కలం కింద పెట్టాడు. ఆయన మనసు నిజంగానే కలతపడింది. బీరువా వైపు చూశాడు కూడా. కాని పగిలిన సూక్ష్మదర్శిని, తల వంచుకు నిలబడ్డ ఆ పాత రోజు గుర్తుకొచ్చాయి.

"పాపం, మంచి పిల్ల. ముందు బెంచీలో కూర్చోబెట్టండి. ఒక్కరికి ఇస్తే మిగతావాళ్ళు ఊరుకోరు. అందరికీ ఇవ్వాలంటే పైనుంచి కాగితం రావాలి. రాసి అడుగుతాను" అన్నాడు.

ఆ కాగితం ఆయన రాయలేదు. రేపు రాద్దామనుకున్నాడు. తర్వాత వచ్చే నెల అనుకున్నాడు.

తొమ్మిదో తరగతిలో పుస్తకాలు లావయ్యాయి, అక్షరాలు సన్నబడ్డాయి. పద్యాలు విని నేర్చుకున్నట్టు లెక్కలు నేర్చుకోవడం కుదరలేదు. నల్లబల్ల మీద మూడు ఆమెకు ఎనిమిదిలా కనబడేది. ఒకరోజు మధ్యాహ్నం హైమావతి ఒక్కతే గోడ పట్టుకుని ప్రధానోపాధ్యాయుడి గది గుమ్మం దాకా వచ్చింది.

"సార్, ఒక మాట అడగొచ్చా?"

"రామ్మా."

"నేను ట్యాబు ఇంటికి పట్టుకెళ్ళను. తరగతికీ పట్టుకెళ్ళను. భోజనాల వేళ ఇక్కడే, మీ ఎదురుగా కింద కూర్చుని చదువుకుంటాను. ఒడిలో పెట్టుకుంటాను, పడదు."

ఆ పిల్ల తన మొహం వైపు చూస్తోందో, తన వెనక గోడ వైపు చూస్తోందో సన్యాసిరావుకు తెలియలేదు.

"చూద్దామమ్మా. ఆరు నెలల పరీక్షలు అయిపోనీ. ముందు బాగా చదువుకో" అన్నాడు.

"అలాగే సార్" అంది హైమావతి. వచ్చినట్టే గోడ పట్టుకుని వెళ్ళిపోయింది.

పరీక్షల్లో ఆమె తెలుగులో తప్ప అన్నిటిలో తప్పింది. ప్రశ్నపత్రం మీది ప్రశ్నలే తప్పు చదివింది. ఒక ప్రశ్నకు ఇంకో ప్రశ్న జవాబు రాసింది. లెక్కల మాస్టారు కాగితం ఇస్తూ, "కళ్ళు పెట్టి చూడవా?" అన్నాడు. ఆమె చూపు సంగతి గుర్తులేక అన్న మాట అది. అన్న మరుక్షణం నాలిక కరుచుకున్నాడు. కాని మర్నాటి నుంచి హైమావతి బడికి రాలేదు. ఉమాదేవి రెండుసార్లు ఇంటికి వెళ్ళి బతిమాలింది. "కనబడని చదువు ఎందుకు టీచర్? ఇంట్లో అమ్మకు సాయంగా ఉంటాను" అని మాత్రం అంది ఆ పిల్ల.

ఆ ఎండాకాలం గడిచి మళ్ళీ వానలు పడ్డాయి. పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ట్యాబుల మీదే పరీక్ష పెట్టాలని, అన్నిటినీ సిద్ధం చేయమని. ఇక తప్పదని సన్యాసిరావు ఉమాదేవిని పిలిచి బీరువా తెరిచాడు. మొదటి పెట్టె మూత సరిగా లేవలేదు. బలవంతాన తీస్తే లోపల ట్యాబు వీపు ఉబ్బి, తెర అంచు విడిపోయి ఉంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టిన అద్దాల మీద గీత కూడా పడలేదు. కాని ఏదీ వెలగలేదు.

పట్నం నుంచి బాగుచేసే మనిషి వచ్చాడు. పేరు రహంతుల్లా. ఒక్కొక్కటీ తిప్పి చూసి పక్కన పెట్టాడు.

"వీటిని ఎవరు పాడుచేశారు సార్?" అని అడిగాడు.

"ఎవరూ ముట్టుకోనే లేదు. రెండేళ్ళుగా తాళంలో ఉన్నాయి" అన్నాడు సన్యాసిరావు.

"అదే మరి. వాడకుండా, ఛార్జింగ్ లేకుండా పడుంటే బ్యాటరీలు చచ్చిపోతాయి. రోజూ పిల్లల చేతుల్లో తిరిగుంటే ఒకటో రెండో పగిలేవేమో. ఇన్ని పోయేవి కావు."

ముప్పైలో నాలుగు మాత్రం బతికాయి.

సన్యాసిరావు ఆ నాలుగింటిలో ఒకటి తీసుకుని లేచాడు.

"టీచర్, హైమావతి ఇల్లు చూపిస్తారా?"

ఇద్దరూ నడిచి వెళ్ళారు. అరుగు మీద తల్లీకూతుళ్ళు జీడిగింజల కుప్ప ముందు కూర్చుని ఉన్నారు. హైమావతి చేత్తో తడిమి గింజ తీసి, రాయి మీద పెట్టి, కర్రతో సున్నితంగా కొట్టి పప్పు వేరు చేస్తోంది. పెంకులోంచి కారే జీడి రసం అంటి ఆమె వేళ్ళ కొనలు నల్లబడి, తోలు లేచిపోయి ఉన్నాయి.

"ఎవరమ్మా?" అని అడిగింది, వాళ్ళు ఎదురుగా నిలబడ్డాక.

"మీ హెడ్మాస్టారు వచ్చారే" అంటూ వరహాలమ్మ లేచి కొంగు సవరించుకుంది.

సన్యాసిరావు అరుగు మీద ఆ పిల్ల పక్కనే కూర్చున్నాడు. ట్యాబు తెరిచి, అక్షరాలు పెద్దవి చేసి ఆమె ఒడిలో పెట్టాడు.

"చదువమ్మా. ఇక ఇది నీ దగ్గరే ఉంటుంది" అన్నాడు.

హైమావతి వంగి చూసింది. మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. సన్యాసిరావు అక్షరాలను ఇంకా పెద్దవి చేశాడు. చివరికి ఒకే ఒక్క అక్షరం తెరంతా నిండింది. ఆమె నల్లబడిన వేళ్ళతో ఆ అద్దాన్ని నిమిరింది.

"వెలుగు తెలుస్తోంది సార్. అక్షరం తెలియడం లేదు."

వరహాలమ్మ నెమ్మదిగా, "ఫాల్గుణం నుంచి అంతే మాస్టారూ. వెలుతురు తప్ప మరేటీ కనపడదు. ఏటి చేస్తాం" అంది.

"ఇది పాఠాన్ని పైకి చదివి కూడా వినిపిస్తుంది హైమా" అంది ఉమాదేవి.

"వినడం నాకు ముందునుంచీ ఉన్నదే టీచర్" అంది హైమావతి. ఆమె గొంతులో కోపం లేదు. "ఒక్క పుస్తకమైనా నా అంతట నేను చదువుకోవాలనుకున్నాను."

సన్యాసిరావు ఆ పిల్ల చేతులు రెండూ పట్టుకున్నాడు. "తప్పు నాదమ్మా. అద్దం పగులుతుందని భయపడ్డానే గాని, నీ సంగతి ఆలోచించలేదు" అన్నాడు. ఆయన కళ్ళవెంట నీళ్ళు కారాయి. ఆమె చేతులు మెల్లగా విడిపించుకుని గింజల కోసం తడుముకుంది.

తర్వాత సన్యాసిరావు పది ఊళ్ళు తిరిగి, చూపులేని పిల్లల కోసం వసతితో ఉన్న ఒక బడిలో ఆమెకు చోటు సంపాదించాడు. స్వయంగా తీసుకెళ్ళి చేర్పించాడు. అక్కడ ఆమె వేళ్ళతో తడిమి చదివే చుక్కల లిపి నేర్చుకోవడం మొదలుపెట్టింది. కాని జీడికి కాలిన వేళ్ళకు ఆ చుక్కలు సరిగా తగిలేవి కావు. ఒకటో తరగతి పిల్లల్లా మళ్ళీ మొదటినుంచి, చాలా నెమ్మదిగా నేర్చుకోవలసి వచ్చింది. ఆ సంగతి విన్న రోజు ఆయన అన్నం ముట్టలేదు.

పాడైన ట్యాబుల గురించి పైవాళ్ళు సంజాయిషీ అడిగారు. ఆయన ఒక్క ముక్కలో రాసి పంపాడు: "పిల్లలకు ఇవ్వకపోవడం వల్ల పాడయ్యాయి. బాధ్యత నాదే." జీవితమంతా దేనికి భయపడ్డాడో ఆ సంజాయిషీ రాస్తుంటే ఆయనకు భయమే వేయలేదు. భయపడవలసిన ప్రమాదం మరోచోట ఉందని, దాన్ని చూడవలసిన వేళలో తాను చూడలేదని మాత్రం తెలిసింది.

మిగిలిన మూడు ట్యాబులూ తరగతి గదికి వచ్చాయి. పిల్లలు వంతులవారీగా చదువుకునేవారు. నాలుగో రోజున ఆరో తరగతి పాప ఒకటి చేజార్చుకుంది. అద్దం మూలన బీట పడింది. పాప బిక్కచచ్చిపోయి దాన్ని తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది.

సన్యాసిరావు దాన్ని వెలిగించి చూశాడు.

"అక్షరాలు కనబడుతున్నాయా?" అని అడిగాడు.

"కనబడుతున్నాయి సార్."

"అయితే పట్టుకెళ్ళి చదువుకో తల్లీ. కనబడుతున్నప్పుడే చదువుకోవాలి" అన్నాడు.

వస్తువు పగిలితే మరొకటి వస్తుంది, దాటిపోయిన వేళ తిరిగి రాదు. అందుకే, ఎవరి కోసం వచ్చిన వస్తువును వారికి అందకుండా దాచడం దాన్ని కాపాడటం కాదు, వస్తువునూ మనిషినీ కూడా పోగొట్టుకోవడం.