నల్లక్క తోపు, బుల్లి తిరుగుడు

ఒకప్పుడు సూదంటురాళ్ళకు లాగడం తప్ప తొయ్యడం తెలియదు. పక్కన ఇంకో రాయి ఉంటే చాలు, వెళ్ళి అతుక్కునేవి. అంత ప్రేమ మరి.

ఒక కొండవాలులో నల్లక్క అనే పెద్ద సూదంటురాయి ఉండేది. దాని వీపు మీద చెల్లెలు బుల్లి. అప్పచ్చిలా గుండ్రంగా, పలచగా ఉండేది. పుట్టిన దగ్గర్నుంచీ బోర్లా అతుక్కుని ఉండడంతో బుల్లికి అక్క వీపు తప్ప ఇంకేమీ కనబడలేదు.

"అక్కా, ఆ గలగల ఏమిటి?" అనేది.

"ఏరు."

"ఏరంటే ఎలా ఉంటుంది? నన్ను కాస్త పైకి లేపవా?"

నల్లక్కకు భయమేసేది. లేపితే మళ్ళీ వస్తుందో రాదో. కానీ చెల్లెలు అడగడం మానదు. చివరికి నల్లక్క చెల్లెల్ని పైకి లేపే దారి చెప్పమని భూదేవిని అడిగింది.

"మీకు చెరో రెండు ముఖాలున్నాయి," అంది భూదేవి. "ఇకమీద ఒకేలాంటి ముఖాలు ఎదురుపడితే తోసుకుంటాయి. వేరు ముఖాలైతే లాక్కుంటాయి. కానీ తొయ్యడం ఒకసారి నేర్చుకుంటే మళ్ళీ మరిచిపోవడం ఉండదు. ఆలోచించుకో."

నల్లక్క రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు "సరే" అంది.

ఒకేలాంటి ముఖాలు ఎదురుపడి ఉండడంతో బుల్లి నాలుగు వేళ్ళెత్తు లేచింది. లేచిందో లేదో పక్కకి ఒరిగి, తిరగబడి, టప్పున అక్క వీపుకే అతుక్కుంది. పొర్లి ముఖం మార్చుకుని మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. పదిసార్లు ఇదే వరస.

కొండ కింద బంకమన్ను తవ్వుకుంటున్న కుమ్మరి ఎర్రన్న ఈ తంతు చూసి నవ్వాడు.

"ఊరికే నిలబడమంటే ఎలా నిలబడుద్దమ్మా? కుండలు చేసే మా సారె చూడు. ఆగితే ఒక పక్కకి ఒరిగిపోద్ది. తిప్పితే తొణకదు."

సారె తిప్పే ముందు దానికి దణ్ణం పెట్టడం కుమ్మరి ఇంటి అలవాటు. ఎర్రన్న బుల్లికీ అలాగే దణ్ణం పెట్టి, దాని ముఖం మార్చి పట్టుకుని, రెండు వేళ్ళతో గిర్రున తిప్పి వదిలాడు.

బుల్లి గాలిలో నిలిచింది. కింద ఆధారం లేదు, పైన తాడు లేదు. అక్క తోపే దాని పీట.

"అక్కా, ఏరు మెరుస్తోంది. అటు జొన్నచేను. ఇటు ఎవరో మేకల్ని తోలుకుపోతున్నారు. నాలుగు దిక్కులూ నా చుట్టూ తిరుగుతున్నాయక్కా."

"చూడు, బాగా చూడు," అంది నల్లక్క. తొయ్యడం ఎంత బరువో దానికి అప్పుడే తెలిసింది. చెల్లెలు ఇక దిగదేమోనన్న భయం ఒకవైపు, దాని సంబరం చూసి ఆనందం ఒకవైపు. అయినా తోపు మాత్రం ఆపలేదు.

కాసేపటికి బుల్లి తిరుగుడు మందగించింది. ఊగింది, ఒరిగింది, తిరగబడింది. వచ్చి అక్కను అతుక్కుంది.

"ఇంకా చూడాల్సింది చాలా ఉందక్కా," అంది ఆయాసపడుతూ.

"రేపు మళ్ళీ తోస్తాలే," అంది నల్లక్క.

అప్పటినుంచే సూదంటురాయికి వేరు ముఖాన్ని లాగడం, తనలాంటి ముఖాన్ని తొయ్యడం వచ్చింది. అప్పటినుంచే ఒక రాయి మీద ఇంకో రాయి ఊరికే గాలిలో నిలవదు, తిరిగినంతసేపే నిలుస్తుంది. అలిసిపోయిందా, తోసిన అక్క దగ్గరికే వచ్చి పడుతుంది.