సోలెడు తవుడుకి అమ్మిన కొట్టు

మాఘ శుద్ధ దశమి, గురువారం, పొద్దున్న ఎనిమిదీ ఇరవైకి సంత వీధిలో ఒక జీళ్ల కొట్టు పుట్టింది. పేరు మాత్రం ఇంకా లేదు.

పుట్టడం దానికి కొత్త కాదు. అవే గోడలు, అదే పొయ్యి, బెల్లం పాకాన్ని తగిలించి లాగే అదే ఇనప మేకు. అంతకు ముందు మూడుసార్లు పుట్టి, మూడుసార్లూ పోయింది. మొదటిసారి దాని పేరు మహారాజా మిఠాయి మందిరం. ఆరు నెలలు బతికింది. రెండోసారి త్రైలోక్య మధుర భవనం. దసరా చూసింది గాని దీపావళి చూడలేదు. మూడోసారి రాయించిన పేరు కొట్టుకంటే మూరెడు పొడుగై, చివరి రెండక్షరాలు పక్కింటి కిటికీ మీదికి వెళ్లాయి. అది పక్షం తిరక్కుండానే మూతపడింది.

బోర్డు చదివి లోపలికి వచ్చినవాళ్లు వెండిరేకు మిఠాయిల కోసం వెతికి, డబ్బాలో నువ్వులద్దిన జీళ్లు చూసి, మంచినీళ్లడిగి తాగి వెళ్లిపోయేవారు. జీళ్లు చేసే ఇల్లాలు రోజూ చెంబు తోముకునేది.

ఈసారీ నిలవకపోతే మూకుడు అమ్మేసి, తన తమ్ముడి పంచన చేరదామని ఆమె మొగుడు తేల్చి చెప్పాడు. ఆ పంచ ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. అక్కడ పొయ్యి తనది కాదు. అందుకే పొద్దున్న పొయ్యికి పసుపు రాస్తూ, "తల్లీ, దీన్ని నిలబెట్టు" అని తప్ప ఇంకేమీ కోరలేదు.

మొగుడు కాగితం పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. బోర్డు రాసే మనిషి కుంచె నానబెట్టుకుని, మూడో గ్లాసు టీ తాగుతున్నాడు.

"సామ్రాట్ అని పెడితే?" అన్నాడు మొగుడు.

"మహారాజు పోయాడు కదా బాబూ, సామ్రాట్టు మాత్రం ఉంటాడా?" అన్నాడు బోర్డు మనిషి.

"పేరులో లోపం లేదయ్యా. కళ్లు." మొగుడు గడ్డంతో ఎదరకి చూపించాడు.

ఎదర పప్పుండలమ్మే ఆవిడ కొట్టు. ఇరవై ఏళ్లుగా ఉంది, బోర్డే లేదు. ఆవిడ పీట మీద కూర్చుని, ఉండలు చుడుతూ, పొద్దస్తమానం ఇటే చూస్తుంది. మూడు కొట్లనీ మింగింది ఆ చూపేనని ఈ ఇంట్లోవాళ్లు అనుకున్నారు. అనుకుని ఊరుకోలేదు, కుళాయి దగ్గర నలుగురితోనూ అన్నారు.

అంతవరకూ జపం చేసుకుంటున్న అత్తగారు తులసిమాల కళ్లకద్దుకుని పక్కన పెట్టింది.

"ఒరే తవిటయ్యా."

మొగుడు ఉలిక్కిపడ్డాడు. ఆ పేరు వీధిలో ఎవరికీ తెలియకూడదని అతను పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. బోర్డు మనిషి టీ గ్లాసు చాటున నవ్వుకున్నాడు.

"నీ ముందు ముగ్గురు పుట్టి పోయారు," అంది అత్తగారు. "వాళ్లకి మీ నాన్న రాజుల పేర్లే పెట్టారు. నువ్వు పుట్టినప్పుడు నేనేం చేశాను? విస్తరాకుల కుప్ప మీద పొర్లించి, చేటలో పెట్టి, పక్కవీధి ఆవిడకి సోలెడు తవుడుకి అమ్మేశాను. పరాయివాళ్ల సొత్తైతే మృత్యువు కూడా ముట్టుకోవడానికి జంకుతుంది. కొన్నావిడే పేరు పెట్టి, పెంచుకోమని నిన్ను నా చేతికిచ్చింది. నలభై ఏడేళ్లయింది, రాయిలా ఉన్నావు. మూడు పోయాక నాలుగోదానికి మళ్లీ సామ్రాట్ అంటావేంట్రా?"

"కొట్టుని అమ్ముతారా అమ్మా ఎవరైనా?"

"అమ్మాలి. ఎదురింటావిడకి."

"ఆవిడకా?"

"ఆవిడకే. ఇంతకాలం ఆవిడ చూపు తగలకుండా దాచుకున్నాం. ఏం దక్కింది?"

ఇల్లాలు చేట తెచ్చి, అందులో కొట్టు తాళంచెవి, ఇంత బెల్లం ముక్క పెట్టి, కొంగు కప్పి వీధి దాటింది. ఆ వీధి పదడుగులే. కుళాయి దగ్గర తనన్న మాటలన్నీ కాళ్లకి అడ్డం పడుతుంటే చాలా దూరమనిపించింది.

"వదినా, మా బిడ్డని కొనుక్కుంటావా?"

పప్పుండలావిడ చేట వైపు చూసింది. చేతిలో ఉండ చుట్టడం ఆపలేదు. "మూడింటిని తిన్నదాన్నట కదా. నాలుగోదాన్ని తెచ్చి నా ఒళ్లో పెడతారేం?"

"అన్నాం వదినా. నేనూ అన్నాను."

ఆవిడ చేతిలో ఉండ ఆగింది. "ఎటు చూడమంటావే నన్ను? ఎదరే కట్టారు. కళ్లు మూసుకుని ఉండలు చుట్టనా?"

ఇల్లాలికి నవ్వొచ్చింది. నవ్వితే ఏమనుకుంటుందోనని పెదవి కొరుక్కుంది. ఆవిడే ముందు నవ్వేసింది.

"ఎంతకిస్తావ్?"

"సోలెడు తవుడుకి."

"ఈ కొట్టుకి సోలెడా? గిద్దెడు చాలు."

"మా ఆయన్నే సోలెడుకి అమ్మారు వదినా. అంతకంటే తగ్గితే బాగుండదు."

ఆవిడ లోపలికి వెళ్లి, గేదె కోసం ఉంచిన తవుడు సోల నిండా తెచ్చి, వేలితో అంచుకి సమంగా తలకొట్టి, ఇల్లాలి కొంగులో పోసింది. చేట అందుకుంది. తాళంచెవి మాత్రం తిరిగి ఇవ్వలేదు.

"దీపాల వేళకి పేరు చెబుతాను. అప్పటిదాకా బిడ్డ నా దగ్గరే ఉంటుంది."

ఆ పగలు ఈ ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. "తాళమిచ్చేశాం. పేరు పెట్టే హక్కూ ఇచ్చేశాం. ఇంక మనకి మిగిలిందేంటి?" అన్నాడు మొగుడు.

"తవుడు," అంది అత్తగారు.

దీపాల వేళకి పప్పుండలావిడ వచ్చింది. తలంటుకుంది, పెట్టెలోని చీర కట్టుకుంది. చేటలో తాళంచెవి పక్కన నాలుగు పప్పుండలు, ఒక జాకెట్టు ముక్క ఉన్నాయి. అరుగు మీద కూర్చుని చేట ఒళ్లో పెట్టుకుంది.

"పైడమ్మ," అంది. "ఆడపిల్ల పుడితే పెడదామనుకున్నాను. పుట్టలేదు. ముప్ఫయ్యేళ్లు ఆ పేరు నా దగ్గరే ఖాళీగా కూర్చుంది. మీకు చిన్నగా అనిపిస్తే..."

మొగుడు చేతిలో కాగితం చూసుకున్నాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులోకి తోశాడు. "రాయవయ్యా," అన్నాడు బోర్డు మనిషితో.

మూడక్షరాలు. వీధి దీపం వెలిగేలోపు అయిపోయింది. ఇంత పెద్ద బోర్డు మీద ఇంత తక్కువ రంగు తన జన్మలో వాడలేదన్నాడు ఆ మనిషి.

మర్నాడు పొద్దున్నే, రంగు ఆరాక, ఇంటిల్లిపాదీ బయటికొచ్చారు. మొగుడు నిచ్చెన తెచ్చి తమ గోడకి ఆనించబోయాడు.

"అక్కడ కాదండీ," అంది ఇల్లాలు.

బోర్డు ఒక కొస తాను పట్టుకుని, రెండో కొస అత్తగారికిచ్చి, వీధి దాటించింది. మొగుడు నిచ్చెన, మేకులు పట్టుకుని వెనకే వచ్చాడు. పప్పుండలావిడ చీపురు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"మీ బోర్డు నా గోడకేంటే?"

"ఆడపిల్ల పేరు పుట్టింటి గుమ్మం మీదే ఉండాలి వదినా. మా గుమ్మం మీద ఉంటే దాని కింద కూర్చున్న మాకు కనబడదు."

ఆవిడ ఆ మేకుల వైపు చూసింది. తర్వాత చీపురు పక్కన పడేసి, వీధి మధ్యలోకి వచ్చి, నడుమ్మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"తవిటయ్యా, కుడివైపు కొంచెం పైకి," అంది. "ఇంకొంచెం. ఊఁ, ఇప్పుడు కొట్టు."

మొగుడు మేకు కొట్టాడు. తరువాత ముగ్గురూ తిరిగి వీధి దాటి, పేరు లేని తమ గోడ కింద కూర్చుని, పొయ్యి వెలిగించారు.