కొమ్మ చివర సన్నిగాడు

వినండర్రా, ఊఁ కొట్టండి. అనగనగా ఒక అడవిలో ఓ కోతుల మంద ఉండేది. సాయంత్రమైతే చాలు, అవన్నీ ఒక పెద్ద కొమ్మ మీద వరసగా కూర్చుని ఒకదాని తల ఒకటి చూసుకునేవి. పేలు దొరికితే తీసేవి, దొరక్కపోయినా నిమిరేవి. ఆ వరసలో చోటు లేని కోతికి మందలోనే చోటు లేనట్టు.

ఆ మందలో నూకాలు అనే తల్లికోతి ఉండేది. దాని ఒక్కగానొక్క కొడుకు సన్నిగాడు. పాపం వాడికి మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనక, మెడ మీద చర్మం ఎర్రగా కంది, పొట్టు రేగి, ఒకటే దురద. మన పిల్లలకైతే డాక్టరుగారు చూసి ఎగ్జిమా అని చెబుతారు. కోతులకేం తెలుసు? "తల్లి సరిగ్గా పేలు చూడలేదు, అందుకే ఈ గోకుడు" అనేశాయి.

నూకాలుకి తల కొట్టేసినట్టయింది. పొద్దస్తమానం వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని, కనబడిన ప్రతి పొట్టు ముక్కనూ పేననుకుని గిల్లింది. గిల్లిన చోటల్లా పుండయింది.

"అమ్మా, మండుతోందే! వదిలెయ్యవే!" అని వాడు ఏడ్చేవాడు.

"ఊరుకోరా, శుభ్రం చేస్తున్నా" అని ఇంకా గిల్లేది.

ఒకరోజు చెట్టు కింద ఇప్పపూలు ఏరుకుంటున్న ముసలి ఎలుగు ఇదంతా చూసింది.

"ఓసి పిచ్చిదానా, అవి పేలు కావే! నా పిల్లకీ ఇలాగే ఉండేది. ఇది ఎవరికీ అంటదు. గిల్లకు. చల్లటి నీళ్ళతో తడిపి, ఇప్పగింజలు నలిపి ఆ జిడ్డు రాయి. తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది, మళ్ళీ రాయాలి. ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. నీవాళ్ళను కూడా ఓ చెయ్యి వెయ్యమను" అంది.

నూకాలు ఆశగా వెళ్ళి ముందు చెల్లెలు పైడమ్మను అడిగింది. "నాకూ చంటిపిల్ల ఉంది కదే అక్కా" అని పైడమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. పక్కకొమ్మ సింహాచలాన్ని అడిగింది. "కడుపుతో ఉన్నప్పుడు ఏ గడ్డి తిన్నావో!" అంది సింహాచలం. చివరికి మందపెద్ద గవరయ్య దగ్గరికి వెళ్ళింది.

"అంటదని ఎలుగుబంటికేం తెలుసు? వాణ్ణి కొమ్మ చివర కూర్చోబెట్టు. లేదంటే తల్లీకొడుకులిద్దరూ పొండి" అన్నాడు గవరయ్య.

మందను వదిలితే బతికేదెలా? నూకాలుకి భయమేసింది, సిగ్గూ వేసింది. ఎలుగు చెప్పిందే నిజమని మనసు చెబుతూనే ఉంది. అయినా కొడుకును ఎత్తుకెళ్ళి కొమ్మ చివర దింపింది.

"తగ్గేదాకే, నాన్నా."

"నేనేం చేశానే అమ్మా?" అన్నాడు వాడు.

నూకాలు వెనక్కి వచ్చి వరసలో కూర్చుంది.

వాడు రెండు రోజులు ఒక్కడే ఉన్నాడు. గోక్కోవడానికి రెండు చేతులూ కావాలాయె, ఇక కొమ్మను పట్టుకునేదెక్కడ? మూడోరోజు మిట్టమధ్యాహ్నం డేగ వచ్చింది. మంద మధ్యలో ఉన్న పిల్లల జోలికి అది ఏనాడూ రాలేదు. "అమ్మా!" అన్న కేక విని నూకాలు పరిగెత్తేసరికి కొమ్మ ఊగుతోంది. సన్నిగాడు లేడు.

నాకూ చెప్పబుద్ధి కావడం లేదర్రా. కానీ ఇంకొంచెం ఉంది, వినండి.

ఆ సాయంత్రం కోతులన్నీ వరస కట్టాయి. జరిగి జరిగి నూకాలుకి చోటిచ్చాయి. "రా అక్కా, కూర్చో" అంటూ పైడమ్మ తల నిమరబోయింది.

నూకాలు ఆ చేతిని విదిలించి కొట్టింది. "ఈ చెయ్యి నిన్న ఏమయిందే? మొన్న ఏమయిందే?"

"అంటుకుంటుందనే కదమ్మా..." అని గవరయ్య నసిగాడు.

"పుట్టినప్పటి నుంచీ వాడు నా ఒళ్ళోనే కదా తాతా పడుకున్నాడు! నాకు అంటిందా? చూడు!"

చేతులూ మెడా చాపి చూపించింది. ఎక్కడా ఒక్క మచ్చ లేదు.

"మిమ్మల్ని అని ఏం లాభం? వాణ్ణి అక్కడ దింపింది నా చేతులే" అంటూ నూకాలు కుప్పకూలిపోయింది.

నీతి: దురదతో అల్లాడే బిడ్డకు మందు ఎంత అవసరమో, మనవాళ్ళ ఒడి అంత అవసరం. అంటని జబ్బుకు భయపడి ఆ బిడ్డను వెలివేస్తే, ఆ పాపం వెలివేసిన వాళ్ళదీ, తలొంచి ఊరుకున్న వాళ్ళదీ.